వెనిస్‌లో దల్మాతియావారి సంఘభవనం

ఇటలీ ఈశాన్య తీరంలో, మన పులికాట్ వంటి ఒక ఉప్పునీటి సరస్సు నడుమ, చిన్న చిన్న దిబ్బల మీద వెలసిన నగరం వెనిస్. అక్కడ రాజవీధులకు బదులు కాలువలు, బండ్లకు బదులు పడవలు. ఆ నగరపు తూర్పు భాగంలో, ఒకనాడు యుద్ధనౌకలు కట్టిన ప్రభుత్వ కర్మాగారానికి కొద్ది దూరంలో, ఒక సన్నని కాలువ గట్టున రెండంతస్తుల తెల్లరాతి భవనం ఉన్నది. పరిమాణంలో అది మన పట్టణాల్లోని ఒక మోస్తరు కల్యాణ మండపానికి కూడా సాటి రాదు. దాని పేరు స్కువోలా ది సాన్ జోర్జో దెల్యి స్క్యావోనీ. స్లావు జాతివారి పునీత జార్జి సంఘమని దాని అర్థం.

వెనిస్ వారి భాష కాని భాషను ఇంట్లో మాట్లాడుకునే ప్రజలు, పొట్టకూటికి వెనిస్ చేరి, తమ చందాలతో నిలుపుకొన్న ఇల్లు అది. 1451లో ఏర్పడిన ఆ సంఘం నేటికీ రద్దు కాలేదు. 1502 నుంచి ఆ సంఘం కోసం విట్టోరే కర్పాచ్చో అనే చిత్రకారుడు వేసిన తొమ్మిది చిత్రాలు ఏ మ్యూజియానికీ తరలిపోక ఆ ఇంటి గోడల మీదనే ఉన్నాయి. యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవన కాలపు సంఘభవనాల్లో ఇంతటి అదృష్టానికి నోచుకున్నవి బహు కొద్ది.

స్కువోలా అంటే ఏమిటి?

ఇటాలియన్ భాషలో స్కువోలా అంటే బడి. కాని వెనిస్‌లో ఈ మాటకు మరొక అర్థం స్థిరపడింది. అక్కడ పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. ఒకే వృత్తివారో, ఒకే ప్రాంతం నుంచి వచ్చినవారో, ఒకే పునీతుని కొలిచేవారో కలిసి ఏర్పరచుకున్న సోదర సంఘాన్ని స్కువోలా అనేవారు. మతగురువులతో నిమిత్తం లేకుండా గృహస్థులే దానిని నడిపేవారు. సభ్యులు ఏటా చందా చెల్లించేవారు, తమలోనుంచే పెద్దలను ఎన్నుకునేవారు. సంఘ నిబంధనలు రాసిన గ్రంథాన్ని మరియేగోలా అని పిలిచేవారు. తల్లివంటి నియమావళి అని ఆ మాటకు భావం. జబ్బుపడిన సభ్యుని పరామర్శించడం, చనిపోయినవానిని గౌరవంగా సాగనంపడం, వితంతువులకు ఆసరా ఇవ్వడం, పేదింటి ఆడపిల్లకు కట్నం సమకూర్చడం, పండుగనాడు ఊరేగింపు తీయడం ఈ సంఘాల విధులు. మన కులసంఘం, భజన సమాజం, అన్నసత్రం మూడూ ఒకే కప్పు కిందికి చేరితే ఎట్లా ఉంటుందో స్కువోలా ఇంచుమించు అట్లా ఉండేదని ఊహించుకోవచ్చు.

వెనిస్ రాజ్యంలో పరిపాలనాధికారం కొన్ని కులీన కుటుంబాలదే. మిగిలిన పౌరులకు ఎంత ధనమున్నా, ఎంత తెలివి ఉన్నా రాజ్యసభలో ఆసనం దొరికేది కాదు. వారు పదవి చేపట్టగలిగిన చోటు, నలుగురిలో పెద్దరికం వహించగలిగిన చోటు స్కువోలాయే. అందువల్ల ప్రభుత్వం ఈ సంఘాలను ప్రోత్సహిస్తూనే వాటిపై ఒక కన్ను వేసి ఉంచేది. రాజ్య భద్రతను చూసే దశసభ్య మండలి అనుమతి లేనిదే కొత్త సంఘం పుట్టడానికి వీలుండేది కాదు.

వీటిలో పెద్దవి, చిన్నవి అని రెండు తరగతులు. 1260 ప్రాంతంలో కొరడాలతో తమను తామే కొట్టుకుంటూ ప్రాయశ్చిత్తం చేసుకున్న భక్తబృందాల నుంచి పెద్ద సంఘాలు చాలావరకు పుట్టాయి. 16వ శతాబ్దం మధ్యకు వాటి సంఖ్య ఆరు. తింతోరెత్తో చిత్రాలకు పేరుపొందిన సాన్ రోక్కో భవనం వాటిలో ఒకదానిది. చిన్న సంఘాల సంఖ్య వందల్లో ఉండేది. దల్మాతియావారిది ఆ చిన్న సంఘాల్లో ఒకటి.

సముద్రం ఆవలి నుంచి వచ్చినవారు

ఇటలీకి తూర్పున ఏడ్రియాటిక్ సముద్రం, దానికి ఆవలి ఒడ్డున దల్మాతియా. జాదర్, షిబెనిక్, స్ప్లిట్ రేవుపట్టణాలు నేడు క్రొయేషియాలోనూ, వాటికి దక్షిణాన ఉన్న కోతోర్ మోంటెనెగ్రోలోనూ ఉన్నాయి. 1409లో నేపుల్స్ రాజు లాదిస్లావ్ దల్మాతియాపై తన హక్కులను లక్ష బంగారు డకెట్లకు వెనిస్‌కు అమ్మివేశాడు. ఒక ప్రాంతపు ప్రజలను అడగకుండానే వారి నేల చేతులు మారడం సరిహద్దు ప్రాంతాల చరిత్రలో కొత్త విషయం కాదు. 1420లో కోతోర్ కూడా వెనిస్ పాలన కిందికి వచ్చింది.

ఇక రాకపోకలు పెరిగాయి. నావికులు, తెడ్డు వేసేవారు, నౌకల కర్మాగారంలో పనివారు, చిల్లర వర్తకులు ఎందరో వెనిస్ చేరారు. స్లావు జాతివారిని వెనిస్ ప్రజలు స్క్యావోనీ అని పిలిచేవారు. నగరపు ప్రధాన కూడలి పక్కన సముద్రానికి ఎదురుగా సాగే విశాలమైన రేవుగట్టుకు ఈనాటికీ రీవా దెల్యి స్క్యావోనీ, అనగా స్లావుల గట్టు అనే పేరు. వారి పడవలు అక్కడ లంగరు వేసేవి.

ఈ పేరు వెనుక ఒక చేదు కథ ఉన్నది. మధ్యయుగంలో స్లావు ప్రజలను బానిసలుగా పట్టి అమ్మడం ఎంత ఎక్కువగా జరిగిందంటే, యూరప్‌లోని అనేక భాషల్లో ఆ జాతి పేరే బానిస అనే మాటకు మూలమైంది. ఇటాలియన్‌లో బానిసను స్క్యావో అంటారు. నేడు ప్రపంచమంతటా స్నేహితులు పలికే చావ్ అనే పలకరింపు కూడా 'మీ దాసుడను' అనే అర్థంలో వెనిస్ ప్రజలు వాడిన ఆ మాట నుంచే వచ్చింది. 1877లో ఆంగ్ల రచయిత జాన్ రస్కిన్ ఈ భవనం గురించి రాసిన చిన్న పుస్తకానికి 'బానిసల పుణ్యస్థలం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పేరు చూసి ఇది బానిసలు కట్టిన భవనమని భ్రమపడినవారు ఉంటే ఆశ్చర్యం లేదు. కట్టినవారు బానిసలు కారు. తమ సంపాదనతో తమ పేరు నిలుపుకొన్న స్వేచ్ఛాజీవులు.

వారి భాష కూడా వెనిస్‌లో మౌనంగా ఉండలేదు. స్ప్లిట్ నగరానికి చెందిన మార్కో మారులిచ్ క్రొయేషియన్ భాషలో రచించిన 'జుడిటా' కావ్యం 1521లో అచ్చయినది వెనిస్‌లోనే. అంతకు రెండేళ్ళ ముందే, 1519లో, పోద్గోరిత్సా వాస్తవ్యుడు బోజిదార్ వుకోవిచ్ వెనిస్‌లో ముద్రణాలయం నెలకొల్పి స్లావు లిపిలో ప్రార్థనా గ్రంథాలు వెలువరించాడు. పాలకుల నగరం పాలితుల భాషకు అచ్చుబడి అయింది.

1451లో అనుమతి

పరాయి ఊరిలో వృద్ధాప్యం, వ్యాధి, మరణం మూడూ బరువైనవే. ఓడల మీద జీవితమంతా గడిపి ఒంట్లో శక్తి ఉడిగిన నావికునికి వెనిస్‌లో దిక్కెవరు? చనిపోతే మోసేదెవరు? ఈ ప్రశ్నలకు సమాధానంగానే సంఘం పుట్టింది. 1451 మే 19న దశసభ్య మండలి దల్మాతియావారికి సోదర సంఘం ఏర్పరచుకొనే అనుమతి ఇచ్చింది.

ఆరంభంలో వారికి సొంత భవనం లేదు. ఆ ప్రాంతంలో సెయింట్ జాన్ యోధసన్యాసుల మఠం ఉండేది. జెరూసలేం యాత్రికులకు సేవ చేయడానికి పుట్టి, తరువాత మాల్టా ద్వీపం పేరుతో ప్రసిద్ధమైన సంస్థ అది. ఆ మఠానికి ఆనుకొని పునీత కత్తెరీనమ్మ పేరిట ఉన్న పాత ధర్మశాలలో దల్మాతియావారు చోటు సంపాదించుకున్నారు. అక్కడే నేటి భవనం నిలిచి ఉన్నది.

సంఘానికి వారు ఎంచుకున్న రక్షకులను గమనిస్తే ఆ ప్రజల మనసు తెలుస్తుంది. మొదటివాడు పునీత జార్జి. సైనికుల పునీతుడైన ఇతని పేరు తెలుగువారికి కొత్త కాదు. చెన్నపట్నంలో ఆంగ్లేయులు కట్టిన కోట అతని పండుగ దినమైన ఏప్రిల్ 23న, 1644లో ఒక రూపానికి వచ్చినందుననే దానికి సెయింట్ జార్జి కోట అనే పేరు కలిగింది. రెండవవాడు పునీత త్రిఫోన్. ఇతడు కోతోర్ పట్టణపు ఇలవేల్పు వంటివాడు. 1166లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి ప్రధాన దేవాలయం అతని పేరిటే ఉన్నది. మూడవవాడు పునీత జెరోము. బైబిలును లాటిన్ భాషలోకి తెచ్చిన మహా పండితుడు. అతడు పుట్టిన స్త్రిదోన్ అనే ఊరు దల్మాతియాకు, పన్నోనియాకు సరిహద్దున ఉండేదని, గోతు జాతివారు దానిని ధ్వంసం చేశారని అతడే రాసుకున్నాడు. హీబ్రూ, గ్రీకు, లాటిన్ భాషల మధ్య వంతెన కట్టిన ఆ మనిషి ఒక సరిహద్దు గ్రామస్థుడు. దల్మాతియా నావికులు అతనిని తమ ఊరివానిగా చెప్పుకొని గర్వపడ్డారంటే అందులో తప్పేమున్నది?

కర్పాచ్చో చిత్రాలు

1499లో వెనిస్‌కు, తురుష్క సామ్రాజ్యానికి యుద్ధం మొదలైంది. గ్రీసు దక్షిణ తీరంలో వెనిస్‌కు రెండు కళ్ళవంటివైన మోదోన్, కోరోన్ కోటలు 1500లో తురుష్కుల వశమయ్యాయి. ఆ కోటల్లో అధికారిగా పనిచేసిన పావోలో వల్లరెస్సో తన వద్ద ఉన్న పునీత జార్జి భౌతికావశేషాన్ని 1502 ఏప్రిల్ 24న దల్మాతియా సంఘానికి బహూకరించాడు. ఒక చిన్న సంఘానికి ఇది ఊహించని గౌరవం. ఆ సంవత్సరమే కర్పాచ్చో ఈ సంఘం కోసం చిత్రాలు వేయడం ఆరంభించాడు.

కర్పాచ్చో వెనిస్‌లోనే పుట్టినవాడు. పెద్ద సంఘాలు పేరుమోసిన చిత్రకారుల వెంట పడుతుండగా అతనికి ఎక్కువ పని ఇచ్చినవి చిన్న సంఘాలే. వెనిస్‌లో ఉప్పుగాలి వల్ల సున్నపు గోడల మీద వేసిన చిత్రాలు త్వరగా పెచ్చులూడిపోతాయి. కనుక అక్కడి చిత్రకారులు పెద్ద కాన్వాసు గుడ్డల మీద నూనె రంగులతో చిత్రించి గోడలకు బిగించేవారు. ఈ భవనంలోని తొమ్మిదీ అటువంటివే. మూడు జార్జి కథకు, మూడు జెరోము కథకు, ఒకటి త్రిఫోన్ కథకు సంబంధించినవి. సుంకరి మత్తయిని క్రీస్తు పిలవడం, గెత్సేమనే తోటలో క్రీస్తు వేదన అనేవి మిగిలిన రెండు.

జార్జి కథ మన బకాసురుని కథకు దగ్గరి చుట్టం. ఒక నగరాన్ని ఘోరసర్పం పీడిస్తూ ఉంటుంది. దానికి రోజూ ఆహారంగా మనుషులను పంపాలి. వంతు చివరకు రాజకుమార్తెకు వస్తుంది. ఆ దారిన పోతున్న జార్జి గుర్రం మీద వచ్చి సర్పాన్ని ఈటెతో పొడుస్తాడు. మూడున్నర మీటర్లకు పైగా పొడవున్న ఆ చిత్రంలో కర్పాచ్చో వీరుని కంటె నేలను ఎక్కువ శ్రద్ధతో చిత్రించాడా అనిపిస్తుంది. సగం తిని వదిలిన శరీరాలు, తెగిపడిన కాళ్ళూ చేతులూ, పుర్రెలు, వాటి మధ్య పాకే బల్లులు, కప్పలు. ఆ ఊరు ఎన్నాళ్ళుగా ఎంత బాధ పడిందో చెప్పడానికి ఇంతకంటె మాటలు అవసరం లేదు. తురుష్కుల దాడుల్లో ఊళ్ళను, అయినవారిని పోగొట్టుకున్న సభ్యులు ఆ నేలను ఏ కళ్ళతో చూచి ఉంటారో పాఠకులే ఊహించగలరు.

తరువాతి చిత్రంలో లొంగిపోయిన సర్పాన్ని జార్జి నగరం నడిబొడ్డుకు తెచ్చి ప్రజల ఎదుట వధించబోతాడు. వెనుక కనిపించే ఎనిమిది పలకల మందిరం జెరూసలేంలోని గుమ్మటపు కట్టడాన్ని గుర్తుకు తెస్తుంది. కర్పాచ్చో ఆ దేశాలకు వెళ్ళి చూచి వేసినది కాదది. 1486లో అచ్చయిన ఒక యాత్రాగ్రంథంలోని చెక్కబొమ్మలను ఆధారం చేసుకున్నాడు. మూడవ చిత్రంలో ఆ దేశపు రాజు మోకరిల్లి జ్ఞానస్నానం పొందుతున్నాడు. తలపాగాలు ధరించిన వాద్యగాళ్ళు బాకాలూ డోళ్ళూ మోగిస్తున్నారు. మెట్ల దగ్గర ఒక ఎర్రని చిలుక ఇవేమీ పట్టనట్లు మొక్కను కొరుకుతూ ఉన్నది.

జెరోము చిత్రాల్లో కర్పాచ్చో హాస్యం బయటపడుతుంది. పాదంలో ముల్లు దిగిన సింహం ఒకటి మఠానికి వచ్చిందని, జెరోము దానికి చికిత్స చేశాడని కథ. సింహాన్ని చూడగానే సన్యాసులు అంగీలు ఎగిరిపడేటట్లు పరుగు లంకించుకున్నారు. వృద్ధుడైన జెరోము మాత్రం, 'ఎందుకయ్యా ఆ భయం' అన్నట్లు నిలబడి ఉన్నాడు. సింహం ముఖంలో క్రౌర్యం లేదు, కొంచెం బెరుకు ఉన్నది. దాని పక్కనే జెరోము అంత్యక్రియల చిత్రం. నేల మీద పరచిన వృద్ధదేహం, చుట్టూ మోకరిల్లిన సన్యాసులు, అంతే. ఆడంబరం లేని ఆ చావు, తోటివారి నడుమ జరిగే ఆ సాగనంపు సంఘం ఏ పనికోసం పుట్టిందో ఆ పనినే చూపిస్తున్నది.

అన్నిటిలోకీ ప్రసిద్ధమైనది ఒక పండితుడు తన గదిలో కూర్చున్న చిత్రం. బల్ల నిండా పుస్తకాలు, నేల మీద సంగీత స్వరాలు రాసిన కాగితాలు, గ్రహగతులను చూపే గోళం, చిన్న విగ్రహాలు. కిటికీ నుంచి వెలుతురు గదిలోకి వెల్లువెత్తుతున్నది. పండితుడు రాయడం ఆపి, కలం గాలిలో ఉండగానే కిటికీ వైపు చూస్తున్నాడు. నేల మీద కూర్చున్న తెల్లని చిన్న కుక్క కూడా అటే చూస్తున్నది. ఇతడు జెరోమేనని చాలాకాలం అందరూ నమ్మారు. 1959లో హెలెన్ రాబర్ట్స్ అనే పరిశోధకురాలు అసలు కథను వెలికితీసింది. ఇతడు పునీత అగస్టీను. ఉత్తర ఆఫ్రికాలోని తన గదిలో జెరోముకు ఉత్తరం రాస్తుండగా, సరిగ్గా ఆ క్షణంలో దూరాన ప్రాణం విడిచిన జెరోము స్వరం వెలుగు రూపంలో అతనికి వినిపించిందని ఐతిహ్యం. అంటే చిత్రంలో జెరోము లేడు. అతని మాట మాత్రమే ఉన్నది. ఈ చిత్రానికి ముందు వేసుకున్న రేఖాచిత్రం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. అందులో కుక్క స్థానంలో పిల్లినో ముంగిసనో పోలిన జంతువు కనిపిస్తుంది. కర్పాచ్చో తన ఆలోచన మార్చుకొని కుక్కను తెచ్చాడు. మంచి పని చేశాడు. వినే చెవులు కుక్కకే ఉంటాయి.

త్రిఫోన్ చిత్రం వీటి ముందు కొంత వెలవెలబోతుంది. చక్రవర్తి గోర్దియన్ కుమార్తెను పట్టిన దయ్యాన్ని బాలుడైన త్రిఫోన్ వెళ్ళగొట్టడం అందులోని విషయం. కాని కోతోర్ నుంచి వచ్చిన కుటుంబాలకు అది తమ ఊరి దేవుని కథ. వారికి మిగిలిన ఎనిమిదింటి కంటె అదే ప్రియమైనదై ఉండవచ్చు.

1551 నాటి భవనం

చిత్రాలు పూర్తయిన నలభై ఏళ్ళకు పాత ధర్మశాల సంఘం అవసరాలకు చాలలేదు. 1551లో భవనాన్ని కొత్తగా నిర్మించారు. ముఖభాగానికి రూపమిచ్చినవాడు జోవన్ని దె జాన్. ఇతడు వెనిస్ నౌకల కర్మాగారంలో ప్రధాన మేస్త్రి. ఏ కర్మాగారంలో సభ్యులెందరో కూలి చేసేవారో, ఆ కర్మాగారపు మేస్త్రి చేతనే తమ ఇంటిని తీర్చిదిద్దించుకున్నారు.

ముఖభాగమంతా ఇస్త్రియా రాయి. వెనిస్‌కు ఎదురుగా, దల్మాతియాకు ఉత్తరాన ఉన్న ఇస్త్రియా ద్వీపకల్పపు గనుల నుంచి పడవల మీద తెచ్చే తెల్లని సున్నపురాయి అది. సూక్ష్మరంధ్రాలు తక్కువగా ఉండడం వల్ల ఉప్పునీటిని సులభంగా పీల్చుకోదు. బురదలో దిగగొట్టిన కొయ్య మొలల మీద నిలిచే వెనిస్ భవనాలకు పునాది వరుసల్లో ఈ రాతినే పేరుస్తారు. ఇటుక గోడలకు ఉప్పుతేమ ఎక్కకుండా అది అడ్డుపడుతుంది. స్థోమత ఉన్నవారు ముఖభాగానికి కూడా దానినే తొడిగేవారు.

శైలి ఆనాడు వెనిస్‌లో ప్రధాన శిల్పాచార్యుడైన యాకోపో సాన్సోవినో పద్ధతిని అనుసరించింది. ప్రాచీన రోము కట్టడాల క్రమాన్ని పాటిస్తూ, గోడ నుంచి పైకి తేలిన స్తంభాకారాలు, వాటి నడుమ ద్వారం, కిటికీలు. ద్వారం పైభాగాన సర్పాన్ని సంహరించే జార్జి ఉబ్బుశిల్పం ఉన్నది. 1552లో దానిని చెక్కినవాడు సాన్సోవినో శిష్యవర్గానికి చెందిన పియెత్రో ద సాలో. దానికి పైన మరొక చిన్న శిల్పం. సింహాసనం మీద బాలయేసుతో మరియమాత, ఇరువైపులా స్నాపక యోహాను, పునీత కత్తెరీనమ్మ. ఇది 14వ శతాబ్దపు పని, అనగా సంఘం పుట్టుకకు సుమారు వందేళ్ళ ముందుది. కొత్త ఇల్లు కట్టుకుంటూ పాత శిల్పాన్ని పారవేయక, నెత్తిన పెట్టుకున్నారు. రెండింటినీ కలిపి చూస్తే రెండు కాలాలు స్పష్టంగా తెలుస్తాయి. పైనున్న మాత నిశ్చలంగా, బొమ్మ వలె ఉన్నది. కిందనున్న గుర్రం ముందుకు దూకుతున్నది.

లోపల కింది అంతస్తులో తక్కువ ఎత్తున్న ఒక పెద్ద గది. పైకప్పు దూలాలకు రంగుల అలంకారం, గోడల దిగువ భాగానికి నల్లబడిన చెక్క పలకలు, వాటిపైన వరుసగా కర్పాచ్చో చిత్రాలు. భవనం పునర్నిర్మాణం తరువాత ఏర్పడిన అమరిక ఇది. పీఠం మీద ఉన్న మరియమాత చిత్రాన్ని కర్పాచ్చో కుమారుడు బెనెదెత్తోకు ఆపాదిస్తారు. పెద్ద సంఘాల భవనాల్లో కనిపించే పాలరాతి మెట్ల వరుసలు, అంబరాన్నంటే సభామండపాలు ఇక్కడ లేవు. మెట్లెక్కి పైకి వెళితే పెద్దలు సమావేశమయ్యే గది ఉంటుంది. దాని అలంకరణ ప్రధానంగా 17వ శతాబ్దానిది. కింది గది చూచిన కంటికి అది అంతగా ఆనదు. అయితే సంఘం నిజంగా నడిచింది ఆ పైగదిలోనే. ఎవరికి ఎంత సాయమివ్వాలో, ఏ పిల్లకు కట్నమివ్వాలో తేలేది అక్కడే.

పొరుగు సంఘం కథ

ఈ భవనం విలువ తెలియాలంటే మరొక భవనాన్ని పక్కన పెట్టి చూడాలి. వెనిస్‌లో అల్బేనియన్లకు కూడా ఇటువంటి సంఘమే ఉండేది. అది 1442లోనే, అనగా దల్మాతియావారి కంటె ముందే పుట్టింది. సాన్ మావుఱిత్సియో దేవాలయం పక్కన వారి భవనం. దాని ముఖభాగాన 1474లో తురుష్క సైన్యం స్కుతారి కోటను ముట్టడించిన దృశ్యాన్ని చెక్కించుకున్నారు. 1479లో ఆ కోట చేజారింది. అక్కడి నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చినవారి జ్ఞాపకం ఆ శిల్పం. వారు కూడా కర్పాచ్చో చేతనే మరియమాత జీవితగాథను ఆరు చిత్రాలుగా వేయించుకున్నారు.

కాలక్రమాన వెనిస్‌లో అల్బేనియన్ల సంఖ్య తగ్గింది. కొత్తవారు రావడం నిలిచింది, పాతవారి పిల్లలు నగర జనంలో కలిసిపోయారు. చందా కట్టేవారు లేరు, పెద్దరికం వహించేవారు లేరు. 1780లో సంఘం రద్దయి, భవనం రొట్టెలు కాల్చేవారి సంఘం పాలైంది. ఆరు చిత్రాలు నేడు మిలాన్, బెర్గామో, వెనిస్ నగరాల్లోని వేర్వేరు చిత్రశాలల్లో ఉన్నాయి. గోడమీది స్కుతారి కోట మాత్రం ఉన్నచోటనే ఉన్నది. ఆ భవనాన్ని నాశనం చేసిన శత్రువెవడూ లేడు. దానిని తమదనుకునే మనుషులు లేకపోయారు.

1797 తరువాత

వెయ్యేళ్ళకు పైబడిన వెనిస్ గణరాజ్యం 1797 మే 12న నెపోలియన్ ధాటికి కూలిపోయింది. ఆ వార్త విన్న దల్మాతియా ప్రాంతాల్లో దుఃఖం వెనిస్ నగరంలో కంటె ఎక్కువగా కనిపించింది. కోతోర్ అఖాతంలోని పెరాస్త్ గ్రామస్థులు ఆ సంవత్సరం ఆగస్టు 23న వెనిస్ పతాకాన్ని తమ దేవాలయంలో పీఠం కింద పాతిపెట్టి అంత్యక్రియలు జరిపారు. కొనుక్కున్న నేలలోని ప్రజలు కొన్న రాజ్యం కోసం కంటతడి పెట్టడం చరిత్రలోని వింతల్లో ఒకటి.

1806 నుంచి నెపోలియన్ ప్రభుత్వం వెనిస్ సోదర సంఘాలను రద్దు చేసి ఆస్తులను స్వాధీనం చేసుకోసాగింది. పెద్ద సంఘాల్లో ఒకటైన కరితా భవనం చిత్రకళా అకాడమీ అయింది. సాన్ మార్కో సంఘభవనం ఆసుపత్రిగా మారింది. కర్పాచ్చో పునీత ఉర్సుల సంఘానికి వేసిన తొమ్మిది చిత్రాలు అకాడమీ చిత్రశాలకు చేరాయి. పునీత స్తెఫాను సంఘానికి వేసినవి ప్యారిస్, మిలాన్, బెర్లిన్, స్టుట్‌గార్ట్ నగరాలకు చెదిరిపోయాయి. రద్దు వేటు తప్పించుకున్న కొద్ది సంఘాల్లో సాన్ రోక్కో ఒకటి, దల్మాతియావారిది మరొకటి. ఆ విధంగా కర్పాచ్చో సంఘాల కోసం వేసిన చిత్రమాలికల్లో, ఏ సంఘం కోసం వేశాడో ఆ సంఘం చేతిలోనే, ఆ ఇంట్లోనే మిగిలినది ఇదొక్కటే.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత దల్మాతియాలోని జాదర్ నుంచి ఇటాలియన్ మాట్లాడే కుటుంబాలు అనేకం ఇటలీకి వలస వచ్చాయి. వారి రాకతో సంఘానికి కొత్త సభ్యులు దొరికారు. ఇక్కడ ఒక సున్నితమైన విషయం చెప్పవలసి ఉన్నది. మొదట స్లావు భాషీయుల ఆశ్రయంగా పుట్టిన ఇంటిని 20వ శతాబ్దంలో నిలబెట్టినవారిలో ఇటాలియన్ భాషీయులైన దల్మాతియన్లు ముఖ్యులు. సంఘం తనను తాను దల్మాతియా సంఘమని పిలుచుకుంటుంది. క్రొయేషియా పండితులు దానిని క్రొయేషియన్ సోదర సంఘంగా వ్యవహరిస్తారు. ఒకే తీరంలో తరతరాలుగా రెండు భాషలు మాట్లాడిన కుటుంబాలను ఒక గీత గీసి ఇటు కొందరు, అటు కొందరు అని విడదీయడం అంత సులభం కాదు. 1451 నాటి నావికునికి ఈ వివాదమే అర్థమై ఉండకపోవచ్చు. అతడు తనను జాదర్ వాడననో కోతోర్ వాడననో చెప్పుకొని ఉండేవాడు.

నేడు భవనాన్ని సందర్శకులు రుసుము చెల్లించి చూడవచ్చు. దల్మాతియాకు సంబంధించిన గ్రంథాలు, పత్రాలు సంఘం భద్రపరుస్తున్నది. చిత్రాల మీద దుమ్ము, పాత మెరుగునూనె పొరలు పేరుకొని రంగులు మసకబారగా, సేవ్ వెనిస్ అనే అమెరికా ధర్మసంస్థ వాటి శుద్ధికి నిధులు సమకూర్చింది. అగస్టీను చిత్రం శుద్ధి అయిన తరువాత 2022 నవంబరు నుంచి 2023 ఫిబ్రవరి వరకు వాషింగ్టన్ జాతీయ చిత్రశాలలోనూ, ఆపైన వెనిస్ రాజప్రాసాదంలోనూ జరిగిన కర్పాచ్చో ప్రదర్శనల్లో నిలిచింది. తెల్లకుక్క ఆ విధంగా అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చింది. అంత ప్రసిద్ధి గల చిత్రానికి శాశ్వత నివాసం మాత్రం కాలువ గట్టునున్న ఆ తక్కువ ఎత్తు గదే.